తక్కువ బడ్జెట్‌లో ఆఫ్‌రోడ్ బండి: ముందు కిందకి దూరండి, బానెట్ తర్వాత ఎత్తుదురు

మీరు అడిగినవి మూడు. చేతిలో డబ్బు తక్కువ, పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి) కొని మెల్లగా ఆఫ్‌రోడ్‌కి తయారు చేసుకోవాలి, ఏ మోడల్ మంచిది? ఇప్పటికే లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), పెద్ద టైర్లు వేసిన బండి ఒకటి అదే ధరకి వస్తోంది, తీసుకోవచ్చా? చూడ్డానికి వెళ్తే ఏమేం చూడాలి? అందరూ మోడల్ దగ్గర మొదలుపెడతారు. నేను చివరి ప్రశ్న దగ్గర మొదలుపెడతాను. ఇరవై ఏళ్లు దాటిన బండికి కంపెనీ పేరు కన్నా దాన్ని ఇన్నేళ్లూ ఏలిన మనిషి ఎలాంటివాడన్నదే ముఖ్యం. అది ఆ బండి కింద రాసి ఉంటుంది, చదవడం తెలియాలంతే.

నేను కొన్న మొదటి బండి ఫొటోల్లో పెళ్లికొడుకులా ఉండేది. కొత్త పెయింట్, పైన క్యారియర్, ముందు లైట్ల బార్. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. వంగి చూస్తే చాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) అంతా నల్లగా నిగనిగలాడుతోంది, అప్పుడే అండర్‌కోటింగ్ కొట్టించారు. ఎంత శ్రద్ధగల మనిషో అనుకుని అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేశాను. రెండో నెలలో వెనక షాక్ అబ్జార్బర్ మార్చుకుందామని కింద పడుకుని, కమాన్ కట్ట బిగించే బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో ఊరికే గీరాను. మొన అలా లోపలికి దిగిపోయింది. నల్ల రంగు తొక్కలా ఊడి, దాని వెనకున్న తుప్పు పొట్టు పిడికెడు నా మొహం మీద పడింది. వెల్డర్ వచ్చి సుత్తితో తట్టుకుంటూ రెండడుగులు వెళ్లి, "మంచి ఇనుము దొరికితే కదా సార్, అతకడానికి?" అన్నాడు. ఆ బండిని ఇంజన్, గేర్‌బాక్స్ విడివిడిగా అమ్ముకున్నాను.

అప్పటి నుంచి నా లెక్క ఒకటే. ఇంజన్ బాగుచేయొచ్చు, గేర్‌బాక్స్ పాతది తెచ్చి పెట్టొచ్చు, సీట్లు, ఏసీ, పెయింట్ అసలు లెక్కలోకే రావు. చాసిస్ పోతే మాత్రం బండి పోయినట్టే. కాబట్టి పరీక్ష చాసిస్‌తో మొదలవ్వాలి. అది ఓడిపోతే మిగతావి చూడకుండానే దండం పెట్టి వచ్చేయాలి.

పాత బట్టలు వేసుకుని, టార్చి, చిన్న సుత్తి, మొద్దు స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. తట్టి చూస్తానని ముందే చెప్పండి. ససేమిరా అన్నాడంటే జవాబు దొరికినట్టే. మంచి ఇనుము టంగుమంటుంది, తిన్న ఇనుము దబ్బుమంటుంది, రెండు బండ్ల మీద తట్టేసరికి మీ చెవికే తేడా తెలిసిపోతుంది. వెనక చక్రాల పైన చాసిస్ వంపు తిరిగే చోటు, కమాన్ కట్టల బ్రాకెట్లు, బాడీ చాసిస్ మీద కూర్చునే మౌంట్లు, అడ్డ పట్టీలు కలిసే మూలలు వదలకండి. బురద పేరుకునేది అక్కడే, తడి ఆరనిదీ అక్కడే. పెట్టెలా ఉండే చాసిస్ లోపలి నుంచి పుచ్చుతుంది, పైకి ఏమీ కనపడదు. అడుగున నీళ్లు కారడానికి పెట్టిన రంధ్రాల్లో వేలు పెట్టి చూడండి. పైపైన ఎర్రగా కనిపించే తుప్పుకి భయపడక్కర్లేదు. పొరలు పొరలుగా అప్పడంలా లేస్తుంటే భయపడాలి. పాత బండి కింద తాజా నల్ల రంగు కనిపిస్తే, దాన్ని అలంకారమని కాదు, ముసుగని అనుకునే చూడండి.

జీప్ చెరోకీ ఎక్స్‌జే లాంటి వాటికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. అలాంటి వాటికి లోపలి కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడాలి. తలుపుల కింద జాకీ పెట్టే చోట్లు, కమాన్ కట్ట కొసలు బాడీకి కలిసే చోట్లు నొక్కి చూడాలి.

తర్వాత ముందు వైపు, స్టీరింగ్ బాక్స్ చాసిస్‌కి బిగించే చోటు. పెద్ద టైర్లు వేసి రాళ్ల మీద తిప్పిన బండ్లకి అక్కడ సన్నటి పగుళ్లు వస్తాయి. బోల్టుల చుట్టూ వెంట్రుకంత గీత ఉన్నా, ఎవరో గుడ్డిగా పెట్టిన వెల్డింగ్ ఉన్నా ఆ బండి జీవితం అర్థమైపోతుంది. కింద గీతలు, సొట్టలు ఉండటం తప్పు కాదు. స్కిడ్ ప్లేట్ (కింది భాగాలకి రక్షణగా బిగించే రేకు) గీసుకుపోయి ఉంటే అది తన పని తాను చేసిందన్నమాట. వంగిన ఆక్సిల్, వంగిన అడ్డ పట్టీ, మెలిక తిరిగిన లింక్ రాడ్ మాత్రం వేరే కథ.

వరదలో మునిగిన బండ్లు కూడా బాగా కడిగి అమ్మకానికి వస్తుంటాయి. సీటు బెల్టుని ఆఖరిదాకా బయటికి లాగండి, చివర మూరెడు రంగు మారి ఉంటే అనుమానించండి. సీటు కింద బోల్టుల తుప్పు, డ్యాష్‌బోర్డ్ కింద వైర్ల మీద ఎండిన సన్నటి ఒండ్రు, కార్పెట్ కింద ముక్కిపోయిన వాసన... వీటిని తుడిచేంత ఓపిక ఎవరికీ ఉండదు.

చాసిస్ పాసైతే ఇక పళ్ల చక్రాల సంగతి. ఇక్కడ చాలామంది చేయని పని ఒకటుంది, హౌసింగ్ (ఆక్సిల్ మధ్యలో పళ్ల చక్రాలుండే ఇనుప పెట్టె) ఆయిల్ చూడటం. ముందు, వెనక హౌసింగ్‌లకి ఆయిల్ పోసే బోల్టు ఉంటుంది. అమ్మే మనిషిని అడిగి దాన్ని విప్పి, చిటికెన వేలు లోపలికి వంచి తీయండి. ఆయిల్ నల్లగా ఉంటే పాతది, అంతే. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు పోయాయి. వాగులు దాటించి, బ్రీదర్ పైపు (హౌసింగ్ గాలి పీల్చుకునే గొట్టం) సంగతి పట్టించుకోలేదన్నమాట. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాగేసుకుంటుంది. వేలికి అంటిన ఆయిల్ ఎండలో జరీలా మెరిస్తే లోపల లోహం అరుగుతోంది. కాస్త సన్నటి బూడిద రంగు ముద్ద పాత బండిలో సహజమే. కంటికి ఆనే తునకలు ఉంటే క్రౌన్ పినియన్ (లోపలి ప్రధాన పళ్ల చక్రాల జత) ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి, లేదా వదిలేయాలి.

ముందు ఆక్సిల్ గుండ్రటి నకిల్ (స్టీరింగ్‌తో చక్రం తిరిగే కీలు) లోపల జాయింట్ ఉండే రకమైతే (పాత ల్యాండ్ క్రూయిజర్లు, నిస్సాన్ ప్యాట్రోల్, సుజుకి ఎస్‌జే సిరీస్ అన్నీ ఇలాంటివే) ఆ గుండు మీద నల్లటి గ్రీజు, ఆయిల్ కలిసి కారుతోందేమో చూడండి. కారడమంటే లోపలి సీలు పోయి హౌసింగ్ ఆయిల్ నకిల్‌లోకి వస్తోందని అర్థం. సీళ్ల ఖర్చు తక్కువే కానీ విప్పి బిగించడం ఒక రోజు పని, ఒళ్లంతా గ్రీజే. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఫోర్ వీల్‌లో మట్టి మీద మెల్లగా తోలితే టక టక చప్పుడొస్తే జాయింటే అరిగిపోయిందని.

ఫోర్ వీల్ పని చేస్తోందా లేదా అన్నది లివర్ కదిలిందనో, లైట్ వెలిగిందనో తేల్చకండి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బండిలో (అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే రకంలో) ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక ఆక్సిళ్లు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, గట్టి నేల మీద బండి బిగుసుకుంటుంది. అదే మీ పరీక్ష. 4హెచ్‌లో (మామూలు వేగాలకి వాడే ఫోర్ వీల్‌లో) పెట్టి, పొడి నేల మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడక వేగంతో ఐదారు గజాలు తోలండి. ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టుంటే ఫోర్ వీల్ పడినట్టే. హాయిగా తిరిగిపోతే ముందు చక్రాలకి బలం అందడం లేదు. అంతకు మించి గట్టి నేల మీద తోలొద్దు, పాపం క్రాస్ జాయింట్ల (ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ల) మీద భారం. ఎప్పుడూ ఫోర్ వీల్‌లోనే ఉండే బండ్లకి సెంటర్ డిఫరెన్షియల్ లాక్ (ముందు, వెనక ఆక్సిళ్లని కలిపి బిగించేది) వేసి ఇదే పరీక్ష చేయొచ్చు. తర్వాత లో రేంజ్‌లో (వేగం తగ్గి లాగే బలం పెరిగే గేర్లలో) ఎత్తు ఎక్కి, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేయండి. ఆ బరువుకి లివర్ తనంతట తను బయటికి వచ్చేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక ఆక్సిళ్లకి పంచే పెట్టె) విప్పాల్సిందే.

ఇక్కడే ఒక బేరం సంగతి. "ఫోర్ బై ఫోర్ పని చేయదు, టూ వీల్‌లో బాగానే పోతుంది" అని ఉన్న ప్రకటన కనపడితే చాలామంది పక్కకి తోసేస్తారు. నేను మాత్రం ముందు అవే చూస్తాను. అలాంటి బండి ఒకటి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు చక్రాల మధ్య హబ్ మీద మట్టి తుడిచాను. చేత్తో తిప్పే హబ్‌లు, రెండూ 'ఫ్రీ' మీద ఉన్నాయి. వాటిని 'లాక్' మీదకి తిప్పకపోతే లోపల ఏం తిరిగినా చక్రానికి అందదు. ఆ యజమాని బండి కొన్నప్పటి నుంచి వాటిని ముట్టుకోలేదు. తిప్పి చూపించాకే బేరమాడాను, అప్పుడు కూడా ఆయన నవ్వి కొంత తగ్గించాడు. కొన్ని బండ్లలో ముందు ఆక్సిల్ వాక్యూమ్‌తో కలుస్తుంది. అక్కడ జానెడు రబ్బరు గొట్టం చిట్లితే చాలు, ఫోర్ వీల్ మొత్తం పోయినట్టే కనపడుతుంది. అలాగని ప్రతి ప్రకటనా అదృష్టం కాదు. లోపల చైన్ తెగినవీ ఉంటాయి. కారణం మీ కంటికి కనిపిస్తే సరే, లేదంటే పెద్ద ఖర్చే అనుకుని ధర కట్టండి.

ఇంజన్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది మామూలు కారు కొన్నట్టే. మీరు వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచాడంటే చల్లటి స్టార్టింగ్‌లో ఏదో దాస్తున్నాడు. నీలం పొగ ఆయిల్ తాగడం. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ మండటం. నల్ల పొగ ఇంధనం ఎక్కువై పోవడం. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి, ఇంజన్ ఆన్ చేసి చూడండి. ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్ కింది సీలు) పోయినట్టే. అరగంట తోలి, ఆపి, పది నిమిషాలు అలాగే ఐడిల్‌లో ఉంచితే టెంపరేచర్ ముల్లు నిజం చెప్తుంది. ఆఫ్‌రోడ్‌లో గాలి తగలని తక్కువ వేగంలో ఇంజన్ గంటల తరబడి కష్టపడుతుంది, కూలింగ్ బాగోలేని బండి అక్కడే చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు మోడల్. విడి భాగాలు మీ చుట్టుపక్కల తేలిగ్గా దొరికేదే మీ మోడల్. ఇది తప్పించుకునే జవాబు కాదు. మీరు బండిని విరగ్గొడతారు, అందరం విరగ్గొట్టాం. అప్పుడు భాగం మర్నాడు రావాలా, రెండు నెలలకి రావాలా అన్నదే తేడా. మీ దగ్గర్లో ఆఫ్‌రోడ్ చేసేవాళ్లు పది మంది ఉంటే వాళ్లలో ఆరుగురు ఏది తోలుతున్నారో చూడండి. వాళ్ల షెడ్లలో పడున్న పాత భాగాలే మీకు దుకాణం.

ఆ పరిధిలో కొన్ని రకాల గురించి నా అభిప్రాయం. సుజుకి ఎస్‌జే సిరీస్, అంటే సమురాయ్, జిప్సీ పేర్లతో తిరిగిన బండి, బరువు టన్ను అటూ ఇటూ. నాలుగు వైపులా కమాన్ కట్టలు, రెండు గట్టి ఆక్సిళ్లు (ఎడమ, కుడి చక్రాలని కలిపే ఒకే దూలం లాంటివి), లో రేంజ్. ఇంజన్ చిన్నది, హైవే మీద గొంతు చించుకుంటుంది. కానీ బరువైన బండి దిగబడే బురదలో ఇది తేలిపోతుంది, విరిగినా చిన్న జాకీ, నాలుగు పానలతో పని అవుతుంది. మొదటి బండికి నేను చెప్పేది ఇదే. 1998లో వచ్చిన జిమ్నీకి కాయిల్ స్ప్రింగులు, కొంచెం సుఖం ఎక్కువ. చెరోకీ ఎక్స్‌జే 1984 నుంచి 2001 దాకా తయారైంది. అందులో 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ 1987 మోడల్ నుంచి వచ్చింది, గట్టి పిండం. కూలింగ్ మాత్రం బలహీనం, చివరి ఏళ్ల బండ్లలో, ముఖ్యంగా 2000, 2001 మోడళ్లలో, సిలిండర్ హెడ్ పగుళ్లు తెలిసిన జబ్బు. మొదటి తరం ల్యాండ్ రోవర్ డిస్కవరీ కాయిల్ స్ప్రింగులతో అడ్డమైన గుంతల్లో అందంగా నడుస్తుంది, అంతే అందంగా తుప్పు పడుతుంది. పజేరోకి ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, దూర ప్రయాణాలకి హాయి, లిఫ్ట్ చేయడం కష్టం. ల్యాండ్ క్రూయిజర్ 80 గురించి ఎవరూ చెడ్డ మాట అనరు. అందుకే తక్కువ ధరకి దొరికిందంటే దాని కింద రెండుసార్లు పడుకుని చూడాలి.

ఏదైనా సరే, లో రేంజ్ లేని బండి వద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ అని వెనక రాసుకున్న నగరం బండ్లు చాలా ఉన్నాయి, జారే రోడ్డు మీద బాగా పనికొస్తాయి, రాళ్ల మీద క్లచ్ కాల్చుకుంటాయి. మొదటి గేర్ నిష్పత్తిని లో రేంజ్ నిష్పత్తితో, దాన్ని ఆక్సిల్ నిష్పత్తితో గుణించండి. ఉదాహరణకి 4, 2.5, 4 అయితే 40. అంటే ఇంజన్ నలభై చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. మాన్యువల్ గేర్‌బాక్స్‌కి 40 దగ్గర ఉంటే మొదలుపెట్టడానికి చాలు. టూ వీల్ బండిని తర్వాత ఫోర్ వీల్‌గా మార్చుకుందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మర్చిపోండి, ఆ ఖర్చుకి ఇంకో బండి వస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న, లిఫ్ట్ చేసిన బండి. నా జవాబు దాదాపు ఎప్పుడూ వద్దనే. వేరేవాళ్లు పెట్టిన ఖర్చు మనకి ఉచితంగా వస్తోందని అనిపిస్తుంది, నిజానికి వాళ్లు విసిగి వదిలేసిన సమస్య వస్తుంది. 29 అంగుళాల టైరు తీసి 33 వేస్తే చక్రం చుట్టు దాదాపు 14 శాతం పెరుగుతుంది. ఆక్సిల్ గేర్లు మార్చకపోతే బండి అన్ని గేర్లలో నీరసపడుతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది, మీటరు 100 చూపిస్తే మీరు 114లో ఉంటారు. లిఫ్ట్ చేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి క్రాస్ జాయింట్లు త్వరగా పోతాయి. బ్రేకు గొట్టాలు చాలవు. ముందు గట్టి ఆక్సిల్ ఉన్న బండ్లలో ఒక గుంత తగలగానే స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేలా ఊగడం మొదలవుతుంది. ఒకసారి అనుభవిస్తే దాని పేరు కూడా ఎత్తబుద్ధి కాదు.

అయినా ఆ బండి మీద మనసు పడితే మూడు అడగండి. లిఫ్ట్ కిట్ ఎవరిది, బిల్లు ఉందా? ఆక్సిల్ గేర్లు మార్చారా? విప్పిన ఒరిజినల్ స్ప్రింగులు, షాక్‌లు ఎక్కడున్నాయి? మూడోదానికి "షెడ్డులో ఉన్నాయి, తీసుకెళ్లండి" అన్నాడంటే జాగ్రత్తగల మనిషి. తర్వాత ఒక ముందు చక్రాన్ని గట్టు మీదకి ఎక్కించి, అవతలి చక్రం వేలాడుతుండగా బ్రేకు గొట్టం చూడండి. తీగలా బిగిసి ఉంటే పని సగంలో ఆపేశారని. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. పదేళ్ల నాటి మడ్ టైర్లకి గుబ్బలు ఎంత ఎత్తున్నా విలువ సున్నా.

డబ్బుని నేనిలా పంచుతాను. సగం బండికి. పావు వంతు బండి ఇంటికొచ్చిన మొదటి నెలకి: అన్ని ఆయిళ్లు, కూలెంట్, గొట్టాలు, బెల్టులు, బ్రేకులు, బేరింగులకి గ్రీజు, బ్రీదర్ పైపులు పైకి లాగి కట్టడం. మిగిలిన పావు మంచి టైర్లకి, బండిని బయటికి లాగే సామానుకి. లిఫ్ట్‌కి, లైట్లకి, లాకర్‌కి (ఒక ఆక్సిల్ రెండు చక్రాలనీ కలిపి తిప్పే సామానుకి) మొదటి ఏడాది ఒక్క పైసా కూడా కేటాయించకండి. ఒరిజినల్ ఎత్తులోనే, టైర్లలో గాలి 15 నుంచి 20 పీఎస్‌ఐకి తగ్గిస్తే బండి ఎక్కడెక్కడికి పోతుందో మీరే నమ్మరు. రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టాలి కాబట్టి చిన్న కంప్రెసర్, గేజ్ కొనుక్కోండి. లాగడానికి చాసిస్‌కి బిగించిన సరైన హుక్కులు ముందూ వెనకా ఉండాలి. ట్రైలర్ తగిలించే గుండుకి తాడు కట్టి లాగడం ఎంత తొందరలో ఉన్నా చేయకండి. ఆ గుండు తెగి ఎగిరితే ఫిరంగి గుండే, అలా మనుషులు చనిపోయారు.

వెతకడం గురించి రెండు మాటలు. ఫొటోలు బాగున్న ప్రకటనల దగ్గర జనం ఎక్కువ, బేరం తక్కువ. ఫొటో మసకగా ఉన్నవి, మోడల్ పేరు తప్పుగా రాసినవి కూడా వెతకండి. మెకానిక్‌లకి చెప్పి ఉంచండి, ఎవరి బండి ఎన్నేళ్లుగా కవరు కింద ఉందో వాళ్లకి తెలుసు. ఫోన్లో నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడు ఈ బండేసుకుని 500 కిలోమీటర్లు వెళ్లమంటే మీరు వెళ్తారా?" చాలామంది అబద్ధం చెప్పడానికి సిద్ధంగానే ఉంటారు కానీ ఈ ప్రశ్నకి ఒక్క క్షణం ఆగుతారు. "వెళ్తాను, కాకపోతే..." అన్న తర్వాత వచ్చేదంతా రాసుకోండి.

డబ్బు చేతులు మారేముందు చాసిస్ మీద కొట్టిన నంబరు, కాగితాల్లో నంబరు అక్షరం అక్షరం కలపండి. 1981 తర్వాతి బండ్లకి సాధారణంగా 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. నంబరు చుట్టూ మాత్రమే గీకినట్టో, కొత్త రంగు వేసినట్టో ఉంటే అక్కడితో ఆపేయండి. కాగితాల్లో పేరున్న మనిషే ఎదురుగా ఉన్నాడా, బండి మీద అప్పు మిగిలిందా చూసుకోండి. లిఫ్ట్, టైరు సైజు మార్పులకి మీ రిజిస్ట్రేషన్ నియమాలు, ఇన్సూరెన్స్ ఒప్పుకుంటాయా అన్నది కూడా కొనే ముందే కనుక్కోవాల్సిన సంగతి.

ఆ లిఫ్ట్ చేసిన బండిని ఎలాగూ చూసి వస్తారు, నాకు తెలుసు, నేనైనా ఆగేవాణ్ని కాదు. అడ్వాన్స్ మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. వెనక కమాన్ బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్స్ బోల్టులు, హౌసింగ్ ఆయిల్ అంటిన మీ వేలు, ఈ మూడింటి ఫొటోలు పంపండి, చూసి చెప్తాను.